పోవాల్సిన కాడికి పోని గాలి

మా డేటా సెంటర్ లాగ్ బుక్కులను పాత కాగితాల కింద అమ్మేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. 2009 నుంచి 2017 దాకా ప్రతి పేజీ అడుగునా నా సంతకం ఉంది. మూడో ఏసీ యూనిట్ ఎదురుగా 'డీహ్యూమిడిఫికేషన్ ఆన్', నాలుగో దాని ఎదురుగా 'హ్యూమిడిఫికేషన్ ఆన్'. అంటే ఒక యంత్రం గదిలోని తేమను పిండి బయటికి పంపుతోంది. పది అడుగుల అవతల ఇంకో యంత్రం నీళ్లు మరిగించి ఆవిరిని అదే గదిలోకి వదులుతోంది. రెండింటికీ కరెంటు ఖర్చవుతోంది. రోజూ ఆ రెండు గడులూ చదివాను, కింద సంతకం పెట్టాను.

చలి మీద నాకు నమ్మకం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కుదిరింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, స్విచ్ రూము గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తే మే నెలలో కూడా ఒళ్లు వణికేది. డ్యూటీలో ఉన్నవాళ్లు స్వెటర్లు వేసుకునేవాళ్లు. గది ఎంత చల్లగా ఉంటే పరికరాలు అంత క్షేమమని పెద్దలు చెప్పారు. వాళ్ల మీద గౌరవంతో నమ్మాను, ఎందుకని అడగలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక సంస్థ డేటా సెంటర్ బాధ్యత నా చేతికొచ్చింది. మొదటి వారంలోనే ఏసీల సెట్ పాయింట్ 22 నుంచి 18కి దించాను. చూడవచ్చినవాళ్లకు హాలు చల్లగా తగిలితే మమ్మల్ని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు నాకు బాగుండేది.

2011 ఏప్రిల్‌లో ఒక రాక్ పైభాగాన ఉన్న సర్వర్లు వేడెక్కి అలారం మోగింది. సెట్ పాయింట్ 16 చేశాను. తగ్గలేదు. మరో రెండు యూనిట్లు కొనిపించాను, ఆరు ఎనిమిదయ్యాయి. రాక్‌ల వెనక నడుస్తుంటే మొహానికి వేడి కొడుతోందని ఆ దారిలో కూడా చిల్లుల టైల్స్ వేయించాను. నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటిలోనూ ఇప్పటికీ ఎక్కువగా గుచ్చుకునేది ఆ టైల్సే.

ఎందుకో చెప్పాలి. మాలాంటి డేటా సెంటర్లలో నేల రెండు పొరలుగా ఉంటుంది. మధ్యనున్న ఖాళీలోకి ఏసీలు చల్లగాలి నింపుతాయి. అది రాక్‌ల ముందున్న చిల్లుల టైల్స్ గుండా పైకి రావాలి. సర్వర్లు దాన్ని ముందు నుంచి పీల్చి, తమ వేడిని అందులో కలిపి వెనక నుంచి వదులుతాయి. ఆ వేడిగాలి పైనుంచి ఏసీకి తిరిగి చేరాలి. ముందు దారి చల్లగా, వెనక దారి వేడిగా ఉండే ఈ అమరికను ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ సలివన్ 1990ల మొదట్లోనే చెప్పాడు. వెనక దారి వేడిగా ఉండడమే దాని ధర్మం. నేను పోయి ఆ వేడిలో చల్లగాలి కలిపాను. మా ఏసీల సెన్సర్ తిరిగొచ్చే గాలి దగ్గర ఉండేది. కలిసిన చల్లగాలి దానికి తగిలేసరికి గది చల్లబడిందని కంప్రెసర్ ఆగేది. రాక్ పైభాగాన ఉన్న సర్వర్‌కేమో చల్లగాలి అందేది కాదు. వెనక వదిలిన వేడే ఖాళీ అరల్లోంచి ముందుకొస్తే దాన్నే మళ్లీ పీల్చేది. అలారం మోగేది. నేను ఇంకో డిగ్రీ దించేవాణ్ని.

మా ఏసీ మెకానిక్ నాకంటే పదేళ్లు పెద్దాయన. ఆ ఏప్రిల్‌లోనే ఆయన కేబుళ్లు నేలలోంచి పైకొచ్చే గుంత దగ్గర కూర్చుని ఒక పేపరు ముక్క పట్టుకున్నాడు. అది రెపరెపలాడింది.

"గాలి తక్కువ లేదు సార్. పోవాల్సిన కాడికి పోతలేదు. ఈ గుంతలు ముయ్యుండ్రి, కొత్త మిషన్లు వద్దు."

"ఇది ఇంట్లో కూలర్ కాదు, డేటా సెంటర్" అన్నాను, నలుగురి ముందు. ఆయన పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకుని లేచిపోయాడు. ఆ తర్వాత ఎన్నడూ నాకు ఏ సలహా చెప్పలేదు.

నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. అమెరికాలోని ఆష్రే సంస్థ 2004లో సర్వర్లు గాలి పీల్చుకునే చోట 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలని చెప్పి, 2008లో దాన్ని 18 నుంచి 27 దాకా సడలించింది. ఆ కాగితం నా సొరుగులో ఉంది. 'పీల్చుకునే చోట' అన్న మాట చదివాను కూడా. అయినా అన్నేళ్లలో ఒక్క సర్వర్ ముందు కూడా థర్మామీటర్ పెట్టి చూడలేదు.

ఈలోగా 2012 వచ్చింది. ఆ ఏడాది కరెంటు కోతలు అనుభవించినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు, ఊళ్లలో గంటల తరబడి చీకటి. వ్యవసాయానికి ఏడు గంటలన్న కరెంటు మా ఊళ్లో ముక్కలు ముక్కలుగా, సగం రాత్రిపూట వచ్చేది. నాన్న టార్చిలైటు పట్టుకుని బావి కాడికి పోయేవాడు. ఒక రాత్రి ఫోన్ చేసి "పట్నంల మీకు కరెంటుంటదారా?" అని అడిగాడు. జనరేటర్లున్నాయి నాన్నా, మాకేం ఇబ్బంది లేదన్నాను.

2017లో మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి చిన్న థర్మామీటర్లు తెప్పించి ప్రతి రాక్ ముందూ కింద, మధ్యన, పైన అంటించింది. వారం తర్వాత ఒక కాగితం నా బల్ల మీద పెట్టింది. ఒకే రాక్‌కు కింద 13 డిగ్రీలు, పైన 29. "హాల్లో చల్లగాలి కావాల్సినదానికంటే చాలా ఎక్కువే ఉంది సార్. పైకి అందడం లేదంతే" అంది. ఆరేళ్ల కిందట మెకానిక్ చెప్పిందీ అదే. ఈమె చేతిలో అంకెలున్నాయని విన్నాను. ఆయన చేతిలో ఉన్నది పేపరు ముక్కేనని వినలేదు.

బాగుచేయడానికి పెద్ద ఖర్చు కాలేదు. కేబుల్ గుంతలకు బ్రష్ మూతలు బిగించాం, ఖాళీ అరలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు వేశాం, ఏసీలన్నిటికీ తేమ హద్దులు ఒకటే చేశాం. వెనక దారిలోని టైల్స్ నేనే దగ్గరుండి తీయించాను. వారానికొక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోయాం. పెంచిన ప్రతి రాత్రీ నాకు నిద్ర పట్టలేదు. సర్వర్ల ముందు 24 దగ్గర నిలిచాం. ఎనిమిది యూనిట్లలో మూడింటిని ఆపేశాం. అలారం మోగలేదు.

భవనం మొత్తం తీసుకునే కరెంటును సర్వర్ల లాంటి ఐటీ పరికరాలు వాడేదానితో భాగిస్తే వచ్చే అంకెను పీయూఈ అంటారు. మా పరికరాలు వాడేది 200 కిలోవాట్లు. మొత్తం వాడకం 430 నుంచి 330కి దిగింది, అంటే పీయూఈ 2.15 నుంచి 1.65కి. గూగుల్ తన డేటా సెంటర్ల సగటు 1.1 దగ్గరుందని చెబుతుంది కాబట్టి మాది గొప్పేమీ కాదు. తగ్గిన ఆ 100 కిలోవాట్లే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. రోజుకు 2400 యూనిట్లు. ఐదు హార్స్‌పవర్ మోటారు ఏడు గంటలు తిరిగితే సుమారు 26 యూనిట్లు. అంటే తొంభై మోటార్లకు సరిపడా కరెంటు. లీటరు డీజిల్‌కు మూడున్నర యూనిట్లు వేసుకున్నా, జనరేటర్ మీద నడిచిన ప్రతి గంటా ఇరవై ఎనిమిది లీటర్లు ఊరికే కాల్చాను. ఆ కరెంటు మిగిలితే మా నాన్న బావికే వచ్చేదని అనను, గ్రిడ్ అలా పనిచేయదు. కానీ ఫోన్‌లో ఆయనకు నేనిచ్చిన జవాబు మాత్రం ఈ లెక్క వేసినప్పుడల్లా వినిపిస్తుంది.

సెల్ టవర్ల కింది పరికరాల గదుల్లో కూడా కొన్నాళ్లు ఇదే తప్పు చేశాను. అక్కడ 25 డిగ్రీలు నిజంగా కావాల్సింది బ్యాటరీలకు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేడియో పరికరాలు అంతకంటే చాలా వేడిని ఓర్చుకుంటాయి. బ్యాటరీలను విడిగా ఒక పెట్టెలో చల్లగా ఉంచితే సరిపోయేదానికి గదంతా చల్లబరిచాను.

2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ గిగావాట్ స్థాయి డేటా సెంటర్ వస్తుందని ప్రకటించినప్పుడు ఇంట్లో అందరూ ఉద్యోగాల గురించి మాట్లాడుకున్నారు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. సర్వర్లే ఒక గిగావాట్ వాడే చోట పీయూఈలో 0.1 తేడా వస్తే 100 మెగావాట్లు. నేను పోగొట్టినదానికి వెయ్యి రెట్లు. అలాంటి చోట చేరబోయే పిల్లలెవరైనా కనబడితే ఈ లాగ్ బుక్కులు తెరిచి చూపించాలని ఉంది.

మేం హాలు బాగుచేసే నాటికే మెకానిక్ పని మానేసి సొంతూరు వెళ్లిపోయాడు. 2018లో ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆ రోజు నలుగురి ముందు అన్న మాటకు క్షమించమని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"పోనియ్యుండ్రి సార్" అన్నాడు. తర్వాత, "యూపీఎస్ ప్యానెల్ ఎనక పెద్ద గుంత ఉండె. అది మూసిన్రా?"

మేం మూసినవాటి జాబితాలో అది లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, ప్యానెల్ వెనక మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపాను. అరచేతికి చల్లగాలి తగిలింది.