ఉక్కు హక్కే గానీ...

తెలుగువాడికి ఇనుమంటే ప్రాణం. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ ప్రాణాలే ఇచ్చాడు. రాష్ట్రం విడిపోయేటప్పుడు కడపకొకటి, ఖమ్మానికొకటి ఉక్కు ఫ్యాక్టరీ చూస్తామని విభజన చట్టంలో రాయించుకున్నాడు. ఓబుళాపురం ఖనిజాన్ని ఓడలెక్కించి చైనా దాకా పంపాడు. ఇంత ఇనుము తిరిగిన నేల మీద అది దారి తప్పి కూడా వెళ్లని చోటు ఒకటుంది: అయిదేళ్లలోపు పిల్లల నెత్తురు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రలో 63 మంది పసివాళ్లకు రక్తహీనత. దేశం మొత్తమ్మీద అంతకుముందు సర్వేలో 58.6 శాతం ఉన్నది 67.1కి చేరింది. మధ్యలో, 2018లో, 'అనీమియా ముక్త్ భారత్' మొదలైంది. ఏటా మూడు శాతం కదిలిస్తామన్నారు. అంకె బుద్ధిగా కదిలింది, దిక్కొక్కటే పొరబడింది.

ఏలినవారు ఊరుకుంటారా? తర్వాతి సర్వేలోంచి రక్తహీనత పరీక్షనే ఎత్తేశారు! వేలు గుచ్చి తీసిన చుక్క ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందట, నరంలోంచి తీస్తేనే అసలు లెక్కట. ఆ మాటలో సైన్సు లేకపోలేదు. సరే, నరంలోంచే తీసి 2016-18లో కేంద్రం చేయించిన పోషకాహార సర్వే ఉంది కదా, అది తిరగేయండి. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 41 శాతం. ఇదీ మన శుభవార్త.

ఇక మంచినీళ్లు. బంగ్లాదేశ్ 2011-12లో సర్వే చేస్తే అయిదేళ్లలోపు పిల్లల్లో ఇనుము లోపం నూటికి 11 మందిలోపే తేలింది. బోరునీళ్లలోని ఇనుమే కాపాడుతోందని పరిశోధకులు లెక్కగట్టారు. అయినా నూటికి 33 మందికి రక్తహీనత ఉంది! అంటే పిల్లాడు పాలిపోవడానికి ఇనుము కొరత ఒక్కటే కారణం కాదు. జబ్బులు, మిగతా పోషకాల లోటూ ఉంటాయి. ఇంత చిక్కు మన పథకాలకెందుకు? ఏ పిల్లాడికైనా అదే ఇనుము సిరప్ సీసా, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు.

మన ఊళ్లో ఆర్వో ప్లాంటు నీళ్లలో ఉన్న కాస్త ఇనుమునూ గీకిపారేసి 20 లీటర్ల క్యాన్ అమ్ముతుంది. నల్గొండ ఫ్లోరైడ్ చూసినవాళ్లం, ఆ క్యాన్ కొనొద్దని అనలేను. తీసేసిన ఇనుము రేషన్ బియ్యంలో తిరిగొచ్చేది, వంద గింజలకు ఇనుము కలిపిన గింజ ఒకటి చొప్పున. తల్లి దాన్ని ప్లాస్టిక్ బియ్యమనుకుని చేటలో ఏరి పెంటమీద పోసేది. తప్పు ఆమెది కాదు, అదేమిటో ఆమెకు చెప్పిందెవరు? అన్నం తిని పిల్లాడు టీలో బిస్కెట్టు ముంచుకుంటాడు. ఒంటికి పట్టబోయే ఇనుమును ఆ టీ గుమ్మంలోనే ఆపేస్తుందని చెప్పాల్సింది అంగన్‌వాడీ టీచరు. ఆవిడ పొద్దుట్నుంచీ యాప్‌లో పిల్లల వివరాలు ఎక్కిస్తోంది. సర్వర్ డౌన్.