ఒక వాట్సాప్ వచనానికి టీకా తాత్పర్యాలు

మూలం: "ఒరే, నేన్రా! గుర్తుపట్టావా? కనుమ నాడు మన హైస్కూల్లో 94 బ్యాచ్ వాళ్లం కలుస్తున్నాం. సార్లనీ పిలిచాం. రాకపోతే చూడు! మనిషికి రెండు వేలు."

అవతారిక: పదో తరగతి పరీక్షల తర్వాత మాటాపలుకూ లేని మిత్రుడొకడు, కొత్త నంబరు నుంచి, ఇంటిల్లిపాదీ పడుకున్న వేళ ఈ వచనాన్ని ప్రయోగించుచున్నాడు. ఇందులో గణాలు లేవు, యతి లేదు. బెదిరింపు మాత్రం ఉంది.

టీక: ఒరే = ఓరీ; సంబోధనం. అందుకున్నవాడు సబ్ రిజిస్ట్రారు. ఆఫీసులో అందరికీ 'సార్', అత్తవారింట 'అల్లుడుగారు'. తండ్రి పోయాక ఆయన్ను ఒరే అన్నవాళ్లు లేరు. కనుక ఇక్కడ కోపం రావాలి. రాకపోగా లేచి కూర్చున్నాడని ఊహించునది.

నేన్రా = నేనురా; సర్వనామం. పేరు చెప్పకపోవడం దోషం కదా అంటే, డీపీ చూసి తెలుసుకోవచ్చునని కొందరు. డీపీలో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. స్వామి మన బ్యాచ్ కాడు.

గుర్తుపట్టావా = ప్రశ్న. "ఎందుకు పట్టనురా!" అనే జవాబు కేవలం అర్థవాదం. పిమ్మట పేరు చెప్పినా ప్రయోజనం లేదు. హాజరుపట్టీలో శ్రీనివాసులు ముగ్గురు. పొడుగు శీను, సైకిలు శీను, పోస్టాఫీసు శీను అంటేనే అన్వయం కుదురుతుంది. ఇప్పుడు పొడుగు శీను కన్నా అందరి పిల్లలూ పొడుగే, సైకిలు శీనుది కారు, పోస్టుమాస్టరుగారు రిటైరై ఎంతో కాలమైంది. అయినా ఆ విశేషణాలను మార్చే అధికారం ఎవరికీ లేదు.

కనుమ నాడు = సంక్రాంతి మర్నాడు. కనుమ నాడు కాకైనా కదలదు కదా, శాస్త్రవిరోధం రాదా? రాదు. హైదరాబాదు వాడూ బెంగళూరు వాడూ భోగికే ఊళ్లో దిగి ఉన్నారు. కదలకూడదన్నది పొలిమేర దాటడం గురించే గాని, బడి దాకా నడవడం గురించి కాదు.

కలుస్తున్నాం = ఎవరెవరు? ఇక్కడ 'అమ్మాయిలు' అనే పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. మూలంలో లేనిదీ, అక్కర లేనిదీ రాయనని మెతుకుసీమ కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఇది లేనిదే గాని అక్కర లేనిది కాదు. మగవాళ్లను ఊరిపేరు పట్టుకుని దొరికించుకోవచ్చు. పెళ్లితో ఇంటిపేరు మారి, ఊరు మారి, ఫోను నంబరు భర్త పేర ఉన్నవాళ్లను ఎలా? ఎవరో ఒకరి పిన్ని కూరల బజారులో ఇంకొకరి అమ్మను పలకరిస్తే గాని ఒక్క నంబరు బయటపడదు. గ్రూపులో ఆ వరస బెంచీల్లో సగం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. సమ్మేళనం విజయవంతమని ఫ్లెక్సీ ముందే అచ్చయింది.

సార్లనీ = బహువచనం; గౌరవార్థమా, సంఖ్యార్థమా? అప్పట్లో సంఖ్యార్థం. ఇప్పుడు రాగలిగినవాళ్లు కొద్దిమందే కనుక చాలావరకు గౌరవార్థమే. ఐదు వందలు దాటినవాళ్లమని మమ్మల్నే గుర్తుపెట్టుకుంటారని మొదటి బెంచీ సంప్రదాయం. దెబ్బలు తిన్న మమ్మల్నని చివరి బెంచీ సంప్రదాయం. దీనికి పై బ్యాచ్ సమ్మేళనమే ప్రమాణం. ఎనభై దాటిన లెక్కల మాస్టారు స్కూలు ఫస్టును "ఎవరు నాయనా నువ్వు?" అని అడిగారు. గోడ దూకి రెండో ఆట సినిమాకు పోయేవాణ్ణి మాత్రం తండ్రి పేరుతో సహా పిలిచి, చెవి కోసం చెయ్యి చాపారు. వాడు వంగి అందించాడు. హిందీ పండితులుగారి విషయంలో వివాదం లేదు. 20 మార్కులకే పాసు కనుక ఆయన్ని ఇరువర్గాలూ సమంగానే మర్చిపోయాయి. ఇది అన్యాయమని టీకాకారుని మతం.

రాకపోతే చూడు = ఏం చూడాలో కవి చెప్పలేదు. స్నేహంలో ఇది చెల్లును.

అలంకారం: ఈ వేడుకకు జిల్లా పేజీలో 'పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం' అని శీర్షిక వస్తుంది. విరోధాభాసమని ఆనందించవచ్చు. ఏటా జనవరిలో వరసగా ఇన్ని బళ్ల పేర అదే వస్తున్నందున, 'అపూర్వ' పదానికి అర్థం చెప్పడం మా వల్ల కాదు.

మనిషికి రెండు వేలు = చందా; భోజనం, శాలువాలు, మెమెంటోలు, మైకుసెట్టు ఇందులోనివి. మాస్టార్ల బీరువాల్లో శాలువాలకు చోటు లేదని వాళ్ల కోడళ్ల వాదం. బదులుగా చెవి మిషను ఇస్తే సభలో పొగడ్తలైనా వినపడేవని మరికొందరు. ఈ రెండో పక్షం గ్రూపులో ఓటుకు పెడితే ఓడిపోయింది.

తాత్పర్యం: డబ్బు ఫోన్‌పే చేయమని. రసీదు అడిగినవాళ్లు మొదటి బెంచీ వాళ్లని గ్రహించునది.