వాణిజ్య ప్రదర్శనలలో సంచి పాత్ర: ఒక పరిశీలన

హైదరాబాదులో జరిగే ప్రదర్శనలను స్థూలంగా రెండు తరగతులుగా విభజించవచ్చు. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో దేశీయ వస్తువుల ప్రదర్శనగా పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లికి మారిన నుమాయిష్ మొదటి తరగతికి చెందుతుంది. అక్కడ శాలువా నచ్చినవారు బేరమాడి, డబ్బు చెల్లించి, మిర్చి బజ్జీ తిని ఇంటికి పోతారు గనుక దుకాణదారుకు ఏ రాత్రి లాభం ఆ రాత్రే తెలుస్తుంది. 2003లో ప్రారంభమైన హైటెక్స్ వంటి ప్రాంగణాలలో జరిగే వాణిజ్య ప్రదర్శన రెండవ తరగతిది. ఇక్కడ సరుకు చేతులు మారడం అరుదు, విజిటింగ్ కార్డులు మారడమే ప్రధానం.

ఇందులో పాల్గొనే సంస్థకు కేటాయించే చోటును స్టాలు అంటారు. దీని కనీస పరిమాణం సాధారణంగా 9 చదరపు మీటర్లు. మూడు పక్కలా తెల్లని పలకలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, కొన్ని దీపాలు, ఒక ప్లగ్గు, ఒక చెత్తబుట్ట, నుదుటన ఫేషియా అనే పేరుపట్టీ అద్దెలో భాగంగా లభిస్తాయి. రెండు కుర్చీలలో ఒకదానిని యజమాని బావమరిది, రెండవదానిని పంచవలసిన సంచుల కట్ట ఆక్రమించడం వల్ల, సరుకు గురించి తెలిసిన ఏకైక ఉద్యోగి సాయంత్రం దాకా నిలబడే ఉంటాడు.

ఇంత ఖర్చూ లీడ్ల కోసమే. కొనవలసిన అవసరం, కొనే స్తోమత, నిర్ణయించే అధికారం కలిగి, మళ్ళీ మాట్లాడడానికి సమ్మతించిన వ్యక్తి వివరాలను లీడ్ అంటారు. హైదరాబాదులో జరిగే కోళ్ల పరిశ్రమ ప్రదర్శనలో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఫారం యజమాని దాణా యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, మోటారు ఎన్ని హెచ్‌పీ, గంటకు ఎన్ని టన్నులు, బేరింగు పోతే మనిషి ఎన్నాళ్ళకు వస్తాడు అని ఆరా తీసి, చివరకు "అరువు ఎన్నాళ్ళిస్తారండీ?" అన్నాడంటే అది సిసలైన లీడ్. యంత్రం వంక చూడకుండానే "చాలా బాగుందండీ, సంచీ ఉందా?" అన్నవారిది వేరే కోవ. అయితే సంచిని తీసిపారేయడానికి లేదు. హాలులోకెల్లా పెద్ద సంచి ఇచ్చిన సంస్థ, మిగతా సంచులన్నీ అందులో ఇమిడిపోవడం వల్ల, పోటీదారుల ప్రచారాన్ని సైతం తన పేరు వెనుక దాచగలుగుతుంది.

లక్కీ డ్రా కోసం బల్లపై పెట్టే గాజు గిన్నెను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. అందులో పడే కార్డులు చాలావరకు పక్క స్టాలువారివి, బీమా ఏజెంట్లవి, ఉద్యోగం వెతుక్కునేవారివి అయినా, ప్రధాన కార్యాలయానికి వెళ్ళే నివేదికలో అవన్నీ లీడ్లుగానే నమోదవుతాయి. కాకిలెక్కలకు ఇంతకంటే అనువైన పాత్ర లేదు.

ప్రచారం విషయానికి వస్తే, మంత్రిగారు రిబ్బను కత్తిరించిన ఫోటో పత్రికలో పడుతుంది గాని, వారి తలపాగా సరిగ్గా ఫేషియాకు అడ్డు రావడంతో పాఠకులకు కనిపించేది "ప్రైవేట్ లిమిటెడ్" మాత్రమే. కొత్త యంత్రం ప్రత్యేకతను, ధరను ఒక్క పేజీలో రాసి, మంచి ఫోటో జతచేసి పరిశ్రమ పత్రికలకు ముందుగానే పంపడం, పాత ఖాతాదారులకు స్టాలు నంబరుతో ఆహ్వానం అందించడం దీనికంటే చౌక, ఫలితమూ ఎక్కువ.

అన్నిటికన్నా చౌకైన సాధనం కలం. కార్డు వెనుక "40 వేల కోళ్ళు, పాత మిల్లు, సంక్రాంతి తర్వాత" అని అప్పటికప్పుడే రాసుకుంటే వారంలోగా చేసే ఫోనుకు అర్థం ఉంటుంది. రాయకపోతే ఆ కార్డులు రబ్బరుబ్యాండుతో సహా సొరుగులో పాతబడతాయి. కనుక ఆ ఫోను చేసే మనిషిని ముందే నియమించుకోలేని సంస్థ, స్టాలు అద్దె కట్టడం మాని, సందర్శకుడిగా పేరు నమోదు చేసుకుని వెళ్ళడం ఉత్తమం. కనీసం ఒక సంచి అయినా దక్కుతుంది.