డాక్టరు గారి బండి

సెకండ్‌హ్యాండ్ కార్ల ప్రకటనలు చదివితే మన రెండు రాష్ట్రాల్లో కార్లు కొన్నది డాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు మాత్రమేనని తెలిసిపోతుంది. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పినవాళ్లు, ప్లాట్లు చూపించడానికి పొలాల గట్లమీద తోలినవాళ్లు, డ్రైవింగ్ నేర్చుకుంటూ గోడకు గుద్దినవాళ్లు ఈ నేలమీద ఒక్క కారూ అమ్మిన పాపాన పోలేదు. ‘డాక్టరు గారి బండి సార్, సింగిల్ ఓనర్. ఇల్లు, క్లినిక్కు, అంతే.’ పాపం ఆయన తిరుపతి పోలేదు, అత్తారింటికీ పోలేదు. తొమ్మిదేళ్లకు ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లని మీటరు సాక్ష్యం చెబుతోంది. బ్రేకు పెడల్ మీద రబ్బరు మాత్రం అరిగి ఇనుము తేలింది. ఇంటి ముందు నిలబెట్టిన కారులో కూర్చుని సాయంత్రాలు సరదాకి బ్రేకు తొక్కేవారు కాబోలు.

డిజిటల్ మీటర్లొచ్చాక వెనక్కి తిప్పడానికి పెద్ద శ్రమ లేదు, ల్యాప్‌టాప్ తగిలిస్తే చాలు. స్టీరింగు తోలుకీ, డ్రైవరు సీటు అంచుకీ, సర్వీసు రికార్డుకీ ఆ విద్య ఎక్కదు. కంపెనీ సర్వీస్ సెంటరుకు బండి వచ్చిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసుకుంటారు. అక్కడ 2021లోనే ఎనభై వేలు దాటిన బండి ఈవేళ ముప్పై ఎనిమిది వేల దగ్గర కనిపిస్తే, దానికి కాయకల్ప చికిత్స చేసింది ఏ డాక్టరో అడగాల్సిందే.

నిజంగానే తిరగని బండ్లూ ఉంటాయి. ‘ఎన్నారై బండి సార్, షెడ్డులోనే ఉంది’ అని గొప్పగా చెబుతారు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న కారులో బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు గట్టిపడి పగుళ్లు తేలుతాయి, వైర్లు ఎలుకల పాలవుతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు దాగదు.

ఇక ‘లేడీ డ్రివెన్’. రోడ్డుమీద ఆడవాళ్ల డ్రైవింగ్ గురించి నోటికొచ్చినట్లు జోకులేసే పెద్దమనిషే కారు అమ్మేటప్పుడు ఆ మాటను మెడల్‌లా తగిలిస్తాడు.

‘నాన్ యాక్సిడెంట్’ అన్నమాటకి అర్థం టింకరింగ్ బాగా కుదిరిందని. బానెట్ ఎత్తి బోల్టుల తలలు చూడండి. పెయింటు లేచిపోయి స్పానరు గాట్లు కనిపిస్తే అవి ఊరికే ఊడి రాలేదు. కిటికీ అద్దాలన్నిటి మీదా తయారీ ఏడాది దాదాపు ఒకటే ఉండాలి.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. కార్లు సీట్లదాకా నీళ్లలో నిలబడ్డాయి. బాగు చేయించడం దండగనుకుని ఇన్సూరెన్స్ కంపెనీలు వదిలించుకున్న బండ్లు వేలంలో చేతులు మారి, కడిగి, సెంటు కొట్టుకుని మళ్లీ వస్తుంటాయి. బురదలో మునిగినట్లు ఏ ప్రకటనా చెప్పదు. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత చెబుతుంది. డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు, కార్పెట్ కింద ముక్కవాసన చెబుతాయి.

అమ్మేవాణ్ని ఎంతని తిట్టగలం? కొనేవాడి తనిఖీ ఎలా ఉంటుందో చూశారా! వెంట కార్ల గురించి సమస్తం తెలిసిన బావమరిది. అతను టైరును ఓ తన్ను తంతాడు, తలుపు ధడేల్మని వేసి ‘బాడీ గట్టిదే బావా’ అంటాడు, పాటలు పెట్టించి ఏసీ ముందు మొహం పెడతాడు. తర్వాత అసలు పరీక్ష: నంబరు కూడితే తొమ్మిదొస్తుందా? వచ్చింది. రాహుకాలం తప్పించి అడ్వాన్సు ఇచ్చేశారు. మీరు వచ్చేముందే ఇంజను వేడిచేసి ఉంచారని బానెట్ మీద చెయ్యి వేస్తే తెలిసేది. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి ఉంటే నీలం పొగ కనపడేది, ఇంజనాయిలు కాలుతోందని అర్థమయ్యేది.

ఆర్సీలో ఫైనాన్స్ గడి ఎవరూ చదవరు. అప్పు తీరిందంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఉండాలి. ఢిల్లీ నుంచి చవకగా వచ్చిన బండైతే అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ చూడాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అప్పుడు ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

డాక్టరు గారికీ ఓ మాట. 29, 30 ఫారాల మీద తేదీ లేకుండా సంతకాలు చేసి బ్రోకరు చేతిలో పెట్టి చేతులు దులుపుకున్నారా? ఆర్సీలో ఎవరి పేరుంటే వారే ఓనరని, ప్రమాదంలో పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని చట్టంలో ఉంది. బ్రోకరు చెప్పడు, మీరే వెళ్లండి.

కొనేవాళ్లు బావమరిదిని ఇంట్లో ఉంచి మెకానిక్‌ని తీసుకెళ్లండి. మెకానిక్‌ని చూసి ‘నమ్మకం లేదా సార్’ అని మొహం మాడ్చుకున్నవాడి బండి ఎంతకిచ్చినా కొనకండి.