నా కాగితం మీద రెండు తారీఖులు

నేను పుట్టింది పెనుకొండ పక్కన ఎర్రమంచిలో, కియా కర్మాగారంలో. 2019 నుంచి మావాళ్లు అక్కడ వరసగా తయారై దేశమంతా వెళ్తున్నారు. నాది తెల్ల రంగు, 1197 సిసి పెట్రోలు ఇంజిను. 2021 శ్రావణమాసంలో విజయవాడలో ఒక లెక్కల మాస్టారు నన్ను కొన్నారు. ఇంద్రకీలాద్రి దిగువన పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, సత్యనారాయణపురంలోని ఇంటికి తెచ్చుకున్నారు. అమ్మగారు నా ముందు అద్దం మీద పసుపుతో స్వస్తిక్ వేశారు. ఆ ఇంట్లో నన్ను ఎవరూ బండి అనలేదు, మన కారు అన్నారు.

షోరూంలో ఇచ్చిన కాగితాల్లో నా క్షేమానికి సంబంధించింది ఒకటే, ఇన్సూరెన్స్ పాలసీ. అమ్మిన కుర్రాడు దాన్ని ఫైలులో పెడుతూ, "మూడేళ్లు దీని జోలికి వెళ్లక్కర్లేదు సార్" అన్నాడు. ఆ మాటలో సగమే నిజం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరైంది. నా వల్ల ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా, వాళ్ల ఆస్తి పాడైనా పరిహారం ఇచ్చేది అదే. 1988 మోటారు వాహనాల చట్టం అడిగేదీ అదే. దారిన పోయే మనుషులకు అది రక్ష. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ నా ఒంటికి దెబ్బ తగిలితే ఆ బీమా నుంచి ఒక్క రూపాయి రాదు. నా కోసం ఉన్నది ఓన్ డ్యామేజ్ బీమా. అది నాకు ఇచ్చింది ఒక్క ఏడాదికి.

ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. పైన వాహనం నంబరు, ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు. వాటి కింద చిన్న పెట్టెలో రెండు వరుసలు. మొదటి వరుసలో ఓన్ డ్యామేజ్, 2022 ఆగస్టు దాకా. రెండో వరుసలో థర్డ్ పార్టీ, 2024 ఆగస్టు దాకా. అంతా చీమతలకాయంత అక్షరాలు. మాస్టారి కన్ను కింది తారీఖు మీదే ఆగింది.

2022 ఆగస్టు వచ్చింది. రెన్యువల్ చేసుకోమని ఫోన్లు, మెసేజీలు వచ్చాయి. "మూడేళ్లకు కట్టేశాం కదా, ఇవన్నీ మోసగాళ్ల ఫోన్లు" అని మాస్టారు పెట్టేశారు. ఆయన్ను తప్పుపట్టలేను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపి చూసినప్పుడు కూడా ఇన్సూరెన్స్ చెల్లుతోందనే చెప్పారు. వాళ్లు చూడాల్సింది థర్డ్ పార్టీ ఉందా లేదా అన్నదే. చట్టం లెక్కన నాకు బీమా ఉంది. నా లెక్కన ఏ రక్షణా లేదు. అలా ఏడాది తిరిగాను.

2023 వానాకాలంలో ఒక రాత్రి. మాస్టారి ఇంటి ఆవరణలో నాకు చోటు లేదు, సందులోనే ఉంటాను. రెండు దాటాక ఇద్దరు వచ్చారు. ఒకడు సందు మొదట్లో నిలబడ్డాడు. రెండోవాడు వెనక తలుపు మూల అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి లాకు తీశాడు. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు కింది ప్లాస్టిక్ తొడుగు పీకేశాడు. తాళం పెట్టే చోట స్క్రూడ్రైవరు దించి బలంగా తిప్పాడు. లోపల లాకు పళ్లు ఒక్కొక్కటే విరిగాయి. తీగలు కోసి కలిపాడు. స్టార్టరు గిర్రున తిరిగింది కానీ నేను స్టార్ట్ కాలేదు. నా తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దాని సంకేతం అందకపోతే ఇమ్మొబిలైజర్ ఇంజినుకు పెట్రోలు వదలదు. కోపంతో వాడు డాష్‌బోర్డు మీద రెండు పోట్లు పొడిచాడు. ఎదురింట్లో లైటు వెలగగానే ఇద్దరూ పరుగు తీశారు.

తెల్లారి మాస్టారు నన్ను చూసి మాట రాక నిలబడిపోయారు. అమ్మగారే తేరుకుని, "పోనీలెండి, కారు దక్కింది. ఇన్సూరెన్స్ ఉందిగా, వాళ్లే బాగుచేయిస్తారు" అన్నారు. స్టేషన్లో ముందు, "బండి పోలేదు కదండీ, కేసెందుకు?" అన్నారు. మాస్టారు వదల్లేదు. దొంగతనానికి ప్రయత్నించడమూ నేరమే. అప్పటికి ఐపీసీ 379, 511 సెక్షన్లు ఉండేవి, ఇప్పుడు బీఎన్ఎస్ 303, 62 వచ్చాయి. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చాక ఆయన బీమా కంపెనీకి ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి పాలసీ నంబరు అడిగి, కాసేపు ఆగి చెప్పింది. "సార్, దొంగతనానికి వచ్చి చేసిన నష్టం ఓన్ డ్యామేజ్ కిందికే వస్తుంది. మీది పోయిన ఆగస్టులోనే అయిపోయింది. ఇప్పుడు మీకున్నది థర్డ్ పార్టీ ఒక్కటే." మాస్టారు ఫైలు తెరిచి, పై వరుసలోని తారీఖును మొదటిసారి చదివారు.

నన్ను టోయింగ్ బండి మీద ఆటోనగర్ షెడ్డుకు తెచ్చారు. అక్కడ నా పక్కన ఆరేళ్ల పాత కారు ఒకటి ఉంది. దానిదీ నా కథే, దొంగ పగలగొట్టి వదిలేసి పోయాడు. "నీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా అక్కా, నీకేం" అన్నాను.

"ఫుల్ అంటే మొత్తం ఇస్తారని కాదు చెల్లీ" అంది అక్క. "నా బిల్లు పదహారు వేలు. అద్దం మూడు వేలు, అది పూర్తిగా ఇచ్చారు. కూలి రెండు వేలు, అదీ ఇచ్చారు. ప్లాస్టిక్ సామాను ఆరు వేలైతే సగం కోశారు. రబ్బరుకూ బ్యాటరీకీ అదే లెక్క. లాకు, ఇనప సామాను ఐదు వేలు. నాకు ఐదేళ్లు దాటాయి కాబట్టి వందకు నలభై తరుగు తీశారు. వచ్చిన పదకొండు వేల లోంచి కంపల్సరీ డిడక్టబుల్ అని ఇంకో వెయ్యి పోయింది. 1500 సిసి దాటితే అది రెండు వేలు. మిగిలింది పదివేలు."

"తరుగు లేకుండా ఇచ్చే పాలసీ లేదా?"

"ఉంది, బంపర్ టు బంపర్ అంటారు. దానికి అదనంగా కట్టాలి. బండి పాతబడితే చాలా కంపెనీలు ఇవ్వవు. మా సారు బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టం దొంగ పీక్కుపోయాడు. పాలసీలో దాన్ని విడిగా రాయించలేదు, అందుకని ఏమీ రాలేదు. సీటు మీది లాప్‌టాప్ బండిలో భాగం కాదు, దానికీ రాలేదు. అన్నిటికంటే బాధ వేరే ఉంది. తెగిన తీగలకు టేపు చుట్టి సారు నన్ను ఇక్కడిదాకా నడుపుకొచ్చారు. దారిలో షార్టై వైరింగ్ కాలింది. బాగుచేయించకుండా నడిపితే ఆ తర్వాత పెరిగిన నష్టం యజమానిదే అని పాలసీ షరతుల్లో ఉంది. ఆ ఖర్చు కంపెనీ ముట్టుకోలేదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన, ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో యాభై శాతం తగ్గించే నో క్లెయిమ్ బోనస్ కూడా ఈ ఒక్క క్లెయిముతో సున్నా అయింది."

ఆ పదివేలు రావడానికీ అక్క వాళ్ల సారు పోరాడాల్సి వచ్చింది. ఆలస్యంగా చెప్పారని కంపెనీ మొదట తిప్పి పంపింది. ఎఫ్ఐఆర్ మాత్రం దొంగ వచ్చి వెళ్లిన పొద్దునే అయింది. పోలీసులకు వెంటనే చెబితే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం అనే ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమును కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి ఆయన రాతపూర్వకంగా అడిగాక కంపెనీ దిగివచ్చింది.

నా బిల్లు మాత్రం మొత్తం మాస్టారే కట్టారు. తర్వాత ఓన్ డ్యామేజ్ తీసుకోబోతే, గడువు దాటిన పాలసీ కాబట్టి కంపెనీ మనిషి వచ్చి నన్ను నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాకే ఇచ్చారు. తొంభై రోజులు దాటినందువల్ల మొదటి ఏడాది సంపాదించిన ఇరవై శాతం బోనస్ కూడా పోయింది.

కార్లున్న వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. ఇవాళే మీ పాలసీ తీసి రెండు తారీఖులూ చదవండి, ముఖ్యంగా 2018 తర్వాత కొత్త కారు కొన్నవాళ్లు. ఓన్ డ్యామేజ్ అయిపోయి ఉంటే అది ఒక్కటీ విడిగా ఇస్తారు, 2019 సెప్టెంబరు నుంచి ఆ వెసులుబాటు ఉంది. బయట పెట్టించిన సామాను పాలసీలో రాయించండి. దొంగ ముట్టుకున్న బండిని నడపకండి, ఫొటోలు తీసి, ఎఫ్ఐఆర్ చేయించి, కంపెనీకి అదే రోజు చెప్పండి. కంపెనీ పంపే సర్వేయరు చూడకముందే రిపేరు మొదలుపెట్టకండి. చిన్న నష్టమైతే క్లెయిము లాభమా, బోనస్ లాభమా అని ముందు లెక్క వేసుకోండి. న్యాయంగా రావాల్సింది కంపెనీ ఇవ్వకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండిటికీ ఆయనే. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

బీమా కంపెనీలకూ, అమ్మే షోరూములకూ ఒక మనవి. మూడేళ్లు అన్న నోటితోనే, సొంత బండికి మాత్రం ఒక ఏడాదే అని కూడా చెప్పండి. ఆ తారీఖును పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. కొన్నవాళ్లకు అది తెలియాలి.