దోహాలో మంచు కోసం కాపు కాయడం ఎలా?

ముందు ఒక సంగతి నమ్మండి: ఖతర్ మీద మంచు పడుతూనే ఉంది, నేల దాకా రావడం లేదు, అంతే. చలికాలపు ఉరుముల వానలో చాలా చినుకులు మేఘంలో సున్నాకు దిగువన మంచు పలుకులుగానే పుడతాయి. దిగే దారిలో వెచ్చటి గాలి తగిలి నీళ్లవుతాయి. కాబట్టి జనవరిలో వాన పడితే గొడుగు గదిలోనే వదిలి బయటికి రండి. మీ మీద పడేది కరిగిన మంచే.

కరగకముందే పట్టుకోవాలంటే చలీ మేఘమూ ఒకే రాత్రి కలవాలి. చిక్కంతా అక్కడే. 2017 ఫిబ్రవరి 5న సౌదీ సరిహద్దు దగ్గర అబూ సమ్రాలో ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలకు పడిపోయింది. అయితే ఎడారిలో అంత చలి సాధారణంగా మబ్బు లేని రాత్రే పుడుతుంది. మబ్బు పడితే నేల వేడి పైకి పోదు, దుప్పటి కప్పినట్టే. అందుకని ఒక రాత్రి చాలదు, చలికాలమంతా కాపు కాయాలి.

కింద సున్నా డిగ్రీలే ఉండాలని పట్టు పట్టకండి. కొత్త కుండ చెమర్చి నీళ్లను చల్లబరచినట్టే, పొడి గాలిలో రాలే మంచు రేకు కొంత ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. గాలి బాగా పొడిగా ఉంటే 4 డిగ్రీల్లోనూ రేకు బతికి నేల చేరగలదు. రెండు థర్మామీటర్లు కొని, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టండి. ఆ థర్మామీటరు సున్నాకు దగ్గరైతే మీరుండే క్యాంపులో అందర్నీ లేపండి. సముద్రం ఒడ్డున ఉన్న కార్నిష్ వైపు మాత్రం వెళ్లొద్దు, సముద్రపు తేమ ఈ లెక్కంతా చెడగొడుతుంది.

ఎత్తు కూడా వెతకండి. 2009 జనవరిలో యూఏఈలో, రస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ మీద మంచు పడింది, ఆ కొండ దాదాపు 1,900 మీటర్లు. ఖతర్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఖురైన్ అబుల్ బౌల్, 103 మీటర్లు. కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయంటే అక్కడ మనకు దక్కేది 0.7 డిగ్రీ కూడా కాదు. అయినా ఎక్కండి. అంచున ఉన్నప్పుడు అరడిగ్రీ కూడా పెద్దదే.

వడగళ్లు చూసి తృప్తిపడకండి. పొగమంచునూ లెక్కలో వేయకండి. మన లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేది కూడా పైనుంచి రాలింది కాదు, నేల దగ్గర గడ్డకట్టిన తేమ.

రాలే రేకును పట్టడానికి ఒక నల్ల గుడ్డ దగ్గర పెట్టుకోండి. చేతిలో పట్టుకుంటే రేకు ఒంటి వేడికి కరిగిపోతుంది. గుడ్డను సాయంత్రమే ఆరుబయట చలికి వేలాడదీసి ఉంచండి.