తుంగకు దొరికిన సేవకులు

తమిళనాడు బోడినాయకనూరులో కొండ మీద ఏలకులు పండుతాయి, కొండ కింద తుంగ పండుతుంది. ఏలకులకు వేలంపాట ఉంది. తుంగకూ ఒకటి పెట్టి ఉంటే మన తెలుగిళ్లన్నీ ఈపాటికి మేడలయ్యేవి.

ఆడి పట్టం విత్తనాలకు వారం ఉందనగా, తుంగను చంపాలని మందుల అంగడికి పరుగెత్తుతాం. అక్కడ వైద్యం తయారుగా ఉంటుంది: "ట్యాంకుకు ఇంత గ్లైఫోసేట్, పైన దోసెడు కల్లుప్పు. వేరుతో సహా చస్తుంది మామా! నాలుగోనాడు రోటావేటరు తోలించి విత్తేసుకో." ఇంత చవగ్గా మోక్షం ఏ క్షేత్రంలోనూ దొరకదు.

ఉప్పు పడగానే ఆకు మాడుతుంది, మన కడుపు చల్లబడుతుంది. కానీ మందును గడ్డదాకా మోసేది ఆ పచ్చటి ఆకే. దానికి వారం పది రోజులు పడుతుంది. మోసేవాణ్ణి ముందే చంపి, మూట చేరలేదేమని ఆనక అడుగుతాం.

తుంగ గడ్డలు నేలలో గొలుసుకట్టుగా ఉంటాయి. ఒకటి మొలిస్తే తక్కినవి చాలావరకు నిద్రపోతుంటాయి, నిద్రలో ఉన్న గడ్డకు మందు అందదు. రోటావేటరు ఆ గొలుసును ముక్కలు చేసి ఒక్కొక్క గడ్డనూ తట్టి లేపుతుంది. గంటల లెక్కన బాడుగ కట్టి మరీ తుంగ నాట్లు వేయించుకునే ఘనత మనది. 1977లో లెరాయ్ హోమ్ బృందం ప్రపంచంలోని చెడ్డ కలుపు మొక్కల మీద పుస్తకం వేసి, తుంగకే మొదటి పీట వేసింది. ఆ కీర్తిలో మన వాటా ఎవరూ రాయలేదు.

అసలు గ్లైఫోసేట్ పంట పొలాల్లో కొట్టే మందే కాదు. 2022 అక్టోబరులో, చీడ నివారణ లైసెన్సున్నవాళ్లు తప్ప దాన్ని వాడరాదని కేంద్రం ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు కన్నా తుంగే నయం, వేసినచోట నాటుకుంటుంది.

"చిత్తిరై ఎండల్లో లోతుగా దున్ని గడ్డలు ఎండబెట్టి ఏరించండి. విత్తేముందు ఒక తడి పెట్టి, మొలిచినదాన్ని చెక్కించండి. రెండు మూడు వేసవులు విడవకుండా చెయ్యండి" అంటే మొహం చిట్లిస్తారు. కూలీలు తెల్లారకముందే జీపులెక్కి ఇడుక్కి తోటలకు పోతారట, ఏరేదెవరట. మాట నిజమే. మరి విత్తిన నెలకు పైరును మించి తుంగ లేచినప్పుడు అదే కూలీల కోసం జీపులకు అడ్డం పడేదీ మనమేగా! ఎండాకాలంలో దండగనిపించిన కూలి, పైరు మధ్యలో మాత్రం అవసరమైపోతుంది.

ఎండకు కమీషను లేదు, ఓపికకు సీసా లేదు. అందుకే వాటిని ఏ అంగడిలోనూ అమ్మరు. ఈసారి "వేరుతో సహా" అన్న మాట వినపడితే, దాన్ని రసీదు మీద రాయించుకోండి: నలభై రోజుల్లో తుంగ మళ్లీ మొలిస్తే పీకించే కూలి అంగడివాడిదేనని. దాని కింద సంతకం పెట్టేవాడు దొరికితే చెప్పండి, నేనూ రెండు సీసాలు కొంటాను.